డయర్స్‌విల్ బొమ్మ ట్రాక్టర్ల సంతలో నాన్నగారితో

అమెరికాలో పాత బొమ్మల సంతలు ఏదో ఒక ఊళ్ళో ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. సేద్యం చేసిన ఇంటి నుంచి వచ్చిన తెలుగువారు వాటిలో ఒక్కదానికే వెళ్ళగలిగితే, ఏటా నవంబరు మొదటి వారాంతంలో అయోవా రాష్ట్రంలోని డయర్స్‌విల్‌లో జరిగే నేషనల్ ఫార్మ్ టాయ్ షోకే వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ అమ్మేవి చాలావరకు బొమ్మ ట్రాక్టర్లు, నాగళ్ళు, నూర్పిడి యంత్రాలు, వాటి పాత పెట్టెలు, కేటలాగులు. కొనేవాళ్ళలోనూ అమ్మేవాళ్ళలోనూ నిజమైన రైతులు కనిపిస్తారు. ఇంత చెప్పి కూడా, బస విషయంలో మాకు జరిగిన మోసాన్నీ, హాలులో ఒక అమ్మకందారు మా నాన్నగారి పట్ల ప్రవర్తించిన తీరునూ, అదే హాలులో మరో పెద్దాయన చూపిన మర్యాదనూ వివరంగా రాయకపోతే ఈ అనుభవం సగమే చెప్పినట్టవుతుంది.

తెనాలి దగ్గర మా ఊళ్ళో మా తాతగారు భూమి తనఖా బ్యాంకులో అప్పు తీసుకుని ఫోర్డు 3000 ట్రాక్టరు కొన్నారు. ఎస్కార్ట్స్ సంస్థ ఫోర్డు కంపెనీతో కలిసి 1971లో ఆ ట్రాక్టర్లను మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. నీలం రంగు బోనెట్, తెల్లటి చక్రాల రేకులు ఉన్న ఆ బండి మా నాన్నగారి యౌవనమంతా ఆయన చేతిలోనే నడిచింది. దమ్ముకూ కుప్ప నూర్పిళ్ళకూ అదే, వడ్ల బస్తాల ట్రక్కు లాగడానికీ అదే. తరువాత మెస్సీ ఫెర్గూసన్ కొన్నప్పుడు దాన్ని అమ్మేశారు. అమ్మానాన్నలు మా దగ్గర ఉండేందుకు ఇల్లినాయిలోని అరోరాకు వచ్చినప్పుడు, అలాంటి ఫోర్డు బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని నాన్నగారు నన్ను అడిగారు. ఆయన నన్ను ఏదైనా అడగడమే అరుదు. అందుకని వారి తిరుగు ప్రయాణాన్ని నవంబరు మధ్య వరకు ఆపి, అమ్మ చలికి భయపడుతున్నా, అందరం కలిసి బయలుదేరాం.

అరోరా నుంచి డయర్స్‌విల్‌కు కారులో మూడున్నర గంటలు పట్టింది. పెట్రోలుకు రానుపోను 47 డాలర్లయ్యాయి. రాక్‌ఫర్డ్ దాటాక యూఎస్ 20 రహదారి పట్టుకుంటే ఫ్రీపోర్ట్, గలీనా, డబ్యూక్ ఊళ్ళ మీదుగా నేరుగా చేరవచ్చు. పాత బొమ్మల మీద ఆసక్తి ఉన్నవారికి ఆ దారి కూడా చరిత్రే. పోత ఇనుముతో ట్రాక్టర్లనూ టాక్సీలనూ తయారుచేసిన ఆర్కేడ్ కంపెనీ ఫ్రీపోర్ట్‌లోనే ఉండేది. రాక్‌ఫర్డ్ పక్కనున్న బెల్విడియర్‌లో కుట్టు యంత్రాల కంపెనీ ఒకటి విండెక్స్ పేరుతో పోత ఇనుప వ్యవసాయ బొమ్మలు పోసింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి ఆ బొమ్మలు ఇప్పుడు సంతల్లో గాజు పెట్టెల వెనక ఉంటున్నాయి. డబ్యూక్ దగ్గర మిసిసిపీ మీది వంతెన దాటేటప్పుడు నాన్నగారు కారు నెమ్మదిగా నడపమన్నారు. మిగతా దారంతా కోసేసిన మొక్కజొన్న చేలే.

ఇక బస సంగతి. నేను రెండు నెలల ముందే, డయర్స్‌విల్‌కు కొంత దూరంలో రహదారి పక్కనున్న ఒక మోటల్‌లో రెండు గదులు రెండు రాత్రులకు తీసుకున్నాను. ఒక్కో గదికి రాత్రికి 92 డాలర్లని వారే నాకు ఈమెయిల్‌లో రాసి పంపారు. శుక్రవారం సాయంత్రం చేరేసరికి, కౌంటరు దగ్గరున్న యువకుడు కంప్యూటరు చూసి, గదికి 138 డాలర్లని చెప్పాడు. ఈమెయిల్ చూపించాను. ఆ ధర మామూలు వారాంతాలకని, బొమ్మల షో ఉన్న వారాంతానికి వేరే ధర ఉంటుందని, అది తనకు పైనుంచి వచ్చిన ఆదేశమని అన్నాడు. ఈమెయిల్‌లో తేదీలు స్పష్టంగా ఉన్నాయి కదా అని అడిగితే, ఇష్టం లేకపోతే గదులు వదులుకోవచ్చని, వాటి కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారని జవాబిచ్చాడు. చీకటి పడిపోయింది, బయట గాలి కొడుతోంది, అమ్మ శాలువా కప్పుకుని కారులోనే కూర్చుని ఉంది. ఈ పరిస్థితుల్లో మనం వెనక్కి వెళ్ళలేమని తెలిసే ఆ ధర పెట్టారన్నది నాకు సందేహం లేని విషయం. కాగితం మీద రాసిచ్చిన మాటను గుమ్మంలో మార్చడం వ్యాపారం అనిపించుకోదు.

ఎక్కువ ధర తీసుకున్నందుకు గదైనా బాగుందా అంటే అదీ లేదు. అమ్మానాన్నల గదిలో కిటికీ కిందున్న హీటరు గడగడమని శబ్దం చేసిందే తప్ప వెచ్చదనం ఇవ్వలేదు. ఫోన్ చేస్తే ఉదయం మనిషి వస్తాడన్నారు. మా గదిలో హీటరు పనిచేస్తున్నందువల్ల అమ్మానాన్నలను అక్కడ పడుకోబెట్టి, మా ఆవిడా నేనూ అబ్బాయీ కోట్లు విప్పకుండానే చల్లటి గదిలో పడుకున్నాం. అబ్బాయికి అదనపు మంచం కోసం 20 డాలర్లు వేరుగా రాసుకున్నారు. ఆ మంచం రెండు రాత్రులూ రాలేదు. ఉదయపు ఫలహారం ఉచితమని బోర్డు మీద రాసి ఉంది. మేము ఏడున్నరకు వెళ్ళేసరికి రొట్టె ముక్కలూ కాఫీ మాత్రం మిగిలాయి. అమ్మ ఇంటి నుంచి డబ్బాల్లో పెట్టి తెచ్చిన పులిహోరే మమ్మల్ని ఆ పూట కాపాడింది. నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు కానీ, "మన కోసం వీడు ఎంత పోస్తున్నాడో చూశావా" అని అమ్మ ఆయనతో గుసగుసగా అనడం నాకు వినబడింది. ధర కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తిరిగి వచ్చాక ఆ ఈమెయిల్ ప్రతినీ రసీదునూ జతచేసి క్రెడిట్ కార్డు సంస్థకు రాశాను. గదుల మీద అదనంగా వసూలు చేసిన 184 డాలర్లూ, మంచం తాలూకు 20 డాలర్లూ వెనక్కి వచ్చాయి. అక్కడికి వెళ్ళేవారికి నేను చెప్పేదేమిటంటే, ఫోన్‌లో చెప్పిన ధరను నమ్మవద్దు, షో తేదీలు కనిపించేలా రాతపూర్వకంగా ధర తీసుకోవాలి, నగదు ఇవ్వకుండా కార్డుతోనే చెల్లించాలి. డయర్స్‌విల్ నాలుగు వేల మంది ఉండే చిన్న ఊరు కనుక అక్కడి గదులు చాలా ముందుగా నిండిపోతాయి. పాతిక మైళ్ళ దూరంలోని డబ్యూక్‌లో పెద్ద హోటళ్ళు ఉన్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు రహదారి పక్కనున్న చవక గదుల జోలికి పోకుండా అక్కడే దిగడం మేలు.

డయర్స్‌విల్ ఊరు మాత్రం మనసుకు నచ్చింది. దూరం నుంచే బాసిలికా అనే పెద్ద చర్చి జంట శిఖరాలు కనిపిస్తాయి. ఇంత చిన్న ఊరికి బొమ్మ ట్రాక్టర్ల రాజధానిగా పేరు రావడానికి కారణం ఎర్టిల్ కుటుంబం. పోత పని తెలిసిన ఫ్రెడ్ ఎర్టిల్ 1945లో పని లేక ఇంట్లో ఉన్నప్పుడు, డబ్యూక్‌లోని తన ఇంటి నేలమాళిగలో, యుద్ధంలో మిగిలిపోయిన విమానాల అల్యూమినియం పిస్టన్లను కరిగించి బొమ్మ ట్రాక్టర్లు పోయడం మొదలుపెట్టాడు. రంగులు వేయడం, చక్రాలు బిగించడం ఇంట్లోవాళ్ళ పని. ట్రాక్టరు కంపెనీలు తమ డీలర్ల దుకాణాల్లో అమ్మడానికి ఆ బొమ్మలను తీసుకోవడంతో వ్యాపారం పెరిగి, 1959లో ఫ్యాక్టరీ డయర్స్‌విల్‌కు మారింది. తరువాతి కాలంలో తయారీ చైనాకు వెళ్ళిపోయింది, కంపెనీ చేతులు మారింది. అయినా ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నారు. స్పెక్‌కాస్ట్ వంటి మరికొన్ని బొమ్మల సంస్థలు కూడా ఆ ఊరినే ఆశ్రయించుకుని పెరిగాయి.

శనివారం ఉదయం ముందుగా 1986లో తెరిచిన నేషనల్ ఫార్మ్ టాయ్ మ్యూజియానికి వెళ్ళాం. రెండు అంతస్తుల్లో ముప్పై వేలకు పైగా బొమ్మలు ఉన్నాయి. సంతకు వెళ్ళేముందు ఈ మ్యూజియం చూసి తీరాలి. అసలైన పాత రంగు ఎలా వెలుస్తుందో, పోత ఇనుము నిజంగా ఎంత నునుపుగా ఉంటుందో అద్దాల వెనక దగ్గరగా చూస్తే, తరువాత బల్లల మీద నకిలీలను పట్టడం తేలికవుతుంది. నిజమైన పాత పోత ఇనుప బొమ్మలో రెండు సగాలు సందు లేకుండా కలిసి ఉంటాయి. తరువాతి కాలంలో అచ్చు తీసి పోసినవాటి మీద గరుకు తెలుస్తుంది, సందులో గోరు దూరుతుంది. రబ్బరు టైర్లు రాకముందు ట్రాక్టర్లకు ఉండే ఇనుప చక్రాలను, వాటి అంచున పొడుచుకొచ్చిన పళ్ళను చూసి నాన్నగారు అద్దానికి మొహం ఆనించి చాలాసేపు నిలబడిపోయారు. "చూడరా, అచ్చం మన దమ్ము చక్రాలే. వీళ్ళు మెట్టకు వాడారు, మనం మడికి వాడాం" అన్నారు. అక్కడి నుంచి ఆయనలో హుషారు మొదలైంది. అప్పటిదాకా ఇది కొడుకు సరదా కోసం చేస్తున్న ప్రయాణమన్నట్టు ఉన్న మనిషి, తరువాతి ప్రతి అద్దం దగ్గరా ఇరుసు ఎక్కడుంది, నాగలి ఎత్తే చేతులు ఎలా ఉన్నాయి అని మా అబ్బాయికి చెప్పడం మొదలుపెట్టారు.

షో ఒకే చోట కాకుండా ఊళ్ళో వేర్వేరు చోట్ల పరుచుకుని ఉంటుంది. మ్యూజియంలో కొన్ని బల్లలు, ఊరి హైస్కూలు జిమ్‌లోనూ వసారాల్లోనూ మరెన్నో బల్లలు ఉంటాయి. పొలం మొత్తాన్ని చిన్న కొలతలో తయారుచేసి చూపించే పోటీ కూడా ఉంటుంది. గాదెలు, కొట్టాలు, బురదలో టైరు జాడలతో సహా చేసిన ఆ పొలాలను చూడడానికే ఒక పూట కేటాయించవచ్చు. బల్లల మీద రంగును బట్టి కంపెనీ తెలిసిపోతుంది. ఆకుపచ్చా పసుపూ జాన్ డీర్, ఎరుపు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి ఫార్మాల్, నారింజ రంగు ఆలిస్ చామర్స్. ఎక్కువ బొమ్మలు 1:16 కొలతలో, అంటే అసలు బండి పొడవులో పదహారో వంతుగా, అరచేతిలో ఇమిడేవి 1:64 కొలతలో ఉంటాయి. పెట్టెతో సహా ఉన్న బొమ్మకు ఒక ధర, పెట్టె లేనిదానికి అందులో సగమో మూడో వంతో. ధరను నిర్ణయించే విషయాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది రంగు. ఫ్యాక్టరీలో వేసిన రంగు గీతలు పడి వెలిసినా దానికే విలువ. కొత్తగా రంగు వేసి నిగనిగలాడే బొమ్మకు విలువ బాగా తక్కువ. రంగు వేసి అమ్మడంలో తప్పేమీ లేదు, కాకపోతే ఆ మాట చీటీ మీద రాయాలి. ఈ వ్యాపారంలో నిజాయితీ అంతా ఆ ఒక్క చీటీలోనే ఉంటుంది.

అమెరికాలో ఫోర్డు 3000 కన్నా 4000 మోడల్ బొమ్మే ఎక్కువ దొరుకుతుందని ముందే తెలుసుకున్నాను. రెండూ 1960ల మధ్యలో వచ్చిన ఒకే వరసలోవి కనుక రూపంలో పెద్ద తేడా ఉండదు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌కు చెందిన హబ్లీ కంపెనీ ఫోర్డు ట్రాక్టర్లను మామూలు కంటే పెద్దదైన 1:12 కొలతలో తయారుచేసింది. జిమ్‌లో రెండో వరస మధ్యలో ఒక బల్ల మీద అలాంటిదే కనిపించింది. చీటీ మీద "ఫ్యాక్టరీ రంగు, 185 డాలర్లు" అని రాసి ఉంది. నీలం మెరిసిపోతోంది. నాన్నగారు అమ్మకందారు వైపు చూసి, చేత్తో అనుమతి అడిగినట్టు సైగ చేసి, ఆయన తల ఊపాకే దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ముందు బోనెట్ చూడలేదు. నేరుగా తిరగేసి, వెనక చక్రం లోపలి వైపు వేలు పెట్టి తుడిచారు.

"దీనికి మళ్ళీ రంగు కొట్టారురా," అన్నారు నాతో. "అదీ విప్పకుండా కొట్టారు. టైరు లోపలి అంచుకు నీలం అంటుకుంది చూడు. ఇరుసు కొనకు కూడా రంగు పట్టింది. చక్రం బిగించాక ఫ్యాక్టరీవాడు ఇరుసుకు రంగు ఎందుకు వేస్తాడు? మన బండికి ఆటోనగర్‌లో మొదటిసారి ఇట్లాగే కొడితే, మీ తాత ఒప్పుకోక చక్రాలు విప్పించి మళ్ళీ కొట్టించాడు."

నేను చూశాను. నల్లటి రబ్బరు అంచున సన్నటి దారంలా నీలం చార ఒకటి చుట్టూ ఉంది. ఇరుసు కొన గుండ్రంగా, తళతళలాడుతూ నీలంగా ఉంది. దీనికి తరువాత రంగు వేశారా అని అమ్మకందారును మర్యాదగానే అడిగాను. "ఫ్యాక్టరీ రంగే. చదవడం రాదా?" అన్నాడతను. నేను టైరు అంచును చూపించబోయేలోపు చేయి చాచి, నాన్నగారి చేతిలోంచి ఆ బొమ్మను లాగేసుకున్నాడు. "కొనని వాళ్ళు పట్టుకోవద్దు. ఇవి వీటి చరిత్ర తెలిసినవాళ్ళ కోసం" అని గట్టిగా అన్నాడు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ఇరవై ఏళ్ళు ఆ బండిని నడిపి, దాని ప్రతి బోల్టూ చేత్తో విప్పిన మనిషితో అన్న మాట అది. నాన్నగారికి ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "పోదాం పద" అన్నారు. ఆ తరువాత చాలాసేపు ఏ బల్ల మీదా చేయి వేయలేదు. మా ఆవిడ వెళ్ళి నిర్వాహకుల బల్ల దగ్గర ఫిర్యాదు రాసిచ్చింది. వాళ్ళు శ్రద్ధగా విని, బల్ల నంబరు రాసుకున్నారు. ఆ తరువాత ఏం చేశారో కానీ, మధ్యాహ్నం మేము అటుగా వెళ్ళినప్పుడు ఆ ట్రాక్టరు ముందున్న చీటీ మీద ధర మాత్రమే ఉంది, రంగు మాట లేదు.

భోజనాల వేళకు అందరి ముఖాలూ వాడిపోయాయి. అక్కడ తినడానికి దొరికినవి ఎక్కువగా మాంసం శాండ్‌విచ్‌లే. మాంసం తినని అమ్మకు చీజ్ రొట్టె, ఆపిల్ పై దొరికాయి. ఆపిల్ పై ఒక్క ముక్క 4 డాలర్లు. బల్ల దగ్గరున్న పెద్దావిడ తన ఇంట్లో చేసి తెచ్చానని చెబుతూ, అమ్మ చలికి వణకడం చూసి వేడి కాఫీ డబ్బు తీసుకోకుండా ఇచ్చింది. ఆ వారాంతం మొత్తంలో అమ్మ బాగుందన్న తిండి అదొక్కటే. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడు ఒక్కోటి 3 డాలర్ల చొప్పున 1:64 బొమ్మల డబ్బాల్లో దేవి, కోత యంత్రం ఒకటి, రెండు ట్రక్కులు ఏరుకుని సంతోషంగా ఉన్నాడు. ఇక ఇంటికి వెళ్దామని అమ్మ అంటోంది. నాన్నగారు ఏమీ అనడం లేదు.

వెళ్ళిపోయేముందు వసారా చివర ఒక్క వరస చూద్దామని నేనే పట్టుబట్టాను. అక్కడ ఎనభై దాటిన ఒక పెద్దాయన గళ్ళ చొక్కాతో, చిన్న బల్ల ముందు మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. విస్కాన్సిన్‌లో పాడి రైతుగా బతికి, పొలం కొడుకుకు అప్పగించి, ఇప్పుడు ఈ బొమ్మలతో కాలక్షేపం చేస్తున్నానని చెప్పారు. ఆయన బల్ల మీద రెండు ఫోర్డు 4000 బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. ప్రతిదాని ముందూ పెన్సిలుతో రాసిన అట్ట చీటీ ఉంది. మొదటిదాని మీద "రంగు పాతదే. ఎడమ లైటు లేదు. సీటు విరిగితే అతికాను. 110 డాలర్లు" అని ఉంది. రెండోదాని మీద "రంగు నేనే వేశాను. స్టీరింగు చక్రం కొత్తది, టైర్లు కొత్తవి. మిగతావి పాతవి. 55 డాలర్లు" అని ఉంది. ఆ చీటీలు చదవగానే ఉదయం నుంచి మనసులో ఉన్న మంట సగం తగ్గింది.

నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకునే చూస్తున్నారు. ఆ పెద్దాయన అది గమనించి, లేచి, పాత రంగు బండిని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టారు. ఆ పైన తన భూతద్దం కూడా ఇచ్చారు. నాన్నగారు మళ్ళీ తిరగేసి చక్రం లోపల చూశారు. ఈసారి రబ్బరు అంచు శుభ్రంగా ఉంది, ఇరుసు కొన ఉత్త లోహంగా, కాస్త తుప్పు చుక్కతో ఉంది. తల ఊపారు. మీ నాన్నగారికి ఎక్కడ చూడాలో తెలుసు, ఈయన ఫోర్డు నడిపారా అని అడిగారాయన. నేను మా బండి కథ చెప్పాను. ఎన్ని ఎకరాలని అడిగితే తొమ్మిదని చెప్పాను. వరి అని చెప్పాక, నీళ్ళు నిలిచిన బురద మడిలో ట్రాక్టరు ఎలా నడుస్తుందో ఆయనకు అర్థం కాలేదు, కూరుకుపోదా అని అడిగారు. నాన్నగారు తన ఫోన్ తీసి, మా పెదనాన్నగారి అబ్బాయి జులైలో పంపిన ఫొటో చూపించారు. టైర్ల స్థానంలో కమ్మీల దమ్ము చక్రాలు బిగించి, మోకాలి లోతు బురదలో ట్రాక్టరు నడుస్తున్న ఫొటో అది. ఆ పెద్దాయన దాన్ని అద్దాలు పెట్టుకుని చూసి, పక్క బల్లల్లో ఉన్న ఇద్దరు స్నేహితులను కేకేసి పిలిచారు. కమ్మీల మధ్య ఎడం ఎంత, చక్రం రోడ్డు మీద ఎలా తీసుకెళతారు, బురద చక్రానికి చుట్టుకోదా అని ముగ్గురూ కలిసి అడిగారు. నాన్నగారు తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరు మనుషులు పని గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో అనువాదకుడు పెద్దగా అవసరం లేదని కాసేపటికే తెలిసింది. నాన్నగారు బల్ల మీద వేలితో చక్రం గీసి చూపిస్తున్నారు, వాళ్ళు అర్థమైనట్టు తల ఊపుతున్నారు.

పాత రంగు బండినే తీసుకుందాం, 110 డాలర్లు దానికి న్యాయమైన ధరే అని నేనన్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. సేకరించేవాళ్ళ లెక్కలో రెండోదానికి విలువ లేదు. నాన్నగారు మాత్రం కొత్త రంగు వేసినదే కావాలన్నారు. "మన బండికి కూడా మూడుసార్లు రంగు కొట్టించాం. ఈయన చక్రాలు విప్పి కొట్టాడు, చూడు ఎంత శుభ్రంగా ఉందో. పైగా ఆ మాట రాసి పెట్టాడు" అన్నారు. ఆ తరువాత 45కి అడగమన్నారు. పెద్దాయన నవ్వి, 50 డాలర్లకు ఇస్తూ, దానికి తగిలించే రెండు చాళ్ళ చిన్న నాగలిని ఊరికే కలిపి ఇచ్చారు. పాత దినపత్రికలో చుట్టి, తాడు కట్టి, చీటీని కూడా లోపల పెట్టారు. ఆ బొమ్మను రేపు ఎవరికైనా అమ్మితే ఆ చీటీతోనే అమ్మాలని చెప్పారు.

ఆ సాయంత్రం నాన్నగారు మోటల్ గదిలో హీటరు సంగతి కూడా పట్టించుకోలేదు. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మంచం దుప్పటి మీద మడులూ గట్లూ చేసి దమ్ము ఎలా చేస్తారో చూపించారు. పడక పాడవుతోందని అమ్మ రెండుసార్లు కేకలేసి, మూడోసారి తనే వచ్చి గట్టు ఎక్కడ తెంపాలో సరిచేసింది.

వెళ్ళాలనుకునేవారికి మరికొన్ని మాటలు. శనివారం ఉదయం తలుపులు తెరిచే వేళకే చేరాలి. మంచి సరుకు మధ్యాహ్నానికల్లా చేతులు మారిపోతుంది. ఆదివారం చివర్లో వెళితే బేరం బాగా కుదురుతుంది కానీ మిగిలేది తక్కువ. నగదు, అందులోనూ చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి. చాలామంది చిన్న అమ్మకందారులు కార్డు తీసుకోరు. చిన్న టార్చిలైటు, భూతద్దం వెంట ఉంటే మేలు. బొమ్మను తిరగేసి చూడనివ్వని బల్ల దగ్గర ఏదీ కొనవద్దు. జిమ్ మధ్యలోని పెద్ద వ్యాపారుల కన్నా, అంచుల్లో చిన్న బల్లలు పెట్టుకున్న వృద్ధ రైతుల దగ్గర ధర తక్కువ, మాట ఎక్కువ. పెద్దవాళ్ళతో వెళితే మధ్యలో కూర్చోవడానికి మ్యూజియం అనువైన చోటు. బండి నిలిపే చోటు నుంచి తలుపు దాకా చలిలో నడవాలి కనుక మంకీ టోపీలు, చేతి తొడుగులు మరవవద్దు.

ఇండియాకు తీసుకెళ్ళేవారు బొమ్మను పెట్టె సామానులో వేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోవాలి. 1:12 ట్రాక్టరు బరువైనది, సామాను విసిరేసేటప్పుడు ముందు ఇరుసు వంగిపోతుంది. నాన్నగారు దాన్ని అమ్మ శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు దాకా వెళ్ళారు. భద్రతా తనిఖీ దగ్గర రెండు చోట్ల విప్పి చూశారు కానీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇప్పుడాయన ఫోన్ చేసినప్పుడల్లా ఇంటర్నేషనల్ బి-275 గురించి అడుగుతున్నారు. మహీంద్రావారు 1960లలో మొదలుపెట్టిన ట్రాక్టరు అదే. మా ఊళ్ళో మునసబుగారింట్లో ఉండేది. అది ఇంగ్లండులో పుట్టిన మోడల్ కనుక అమెరికా సంతల్లో దొరకడం కష్టమని, బ్రిటన్ నుంచి సరుకు తెచ్చే ఒకరిద్దరు డయర్స్‌విల్‌కు వస్తారని, వాళ్ళను అడిగి పెడతానని విస్కాన్సిన్ పెద్దాయన ఉత్తరం రాశారు. వచ్చే నవంబరుకు డబ్యూక్‌లో గది తీసుకున్నాను. రాత్రికి 119 డాలర్లు, షో తేదీలతో సహా వారి చేత రాయించుకున్నాను.